సింగపూర్ అని రాస్తే సరిపోదు

ప్రశ్న: థాయ్‌లాండ్‌కు ఎండుమిర్చి పంపాను. తేమ ఎక్కువుందంటూ కొన్నవాళ్లు డబ్బు ఆపేశారు. ‘వివాదాలకు సింగపూర్‌లో ఆర్బిట్రేషన్’ అని కాంట్రాక్టులో ఉంది. ఇక్కడి కోర్టులో కేసు వేయొచ్చా?
– ఒక ఎగుమతిదారు, గుంటూరు

జవాబు: వేస్తే అవతలివాళ్లు ఆ ఒక్క లైను చూపిస్తారు. కోర్టు మామూలుగా మిమ్మల్ని ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే పంపిస్తుంది. దిగులు పడకండి, మీకు అదే మేలు. గుంటూరు కోర్టు తీర్పుతో బ్యాంకాక్‌లో డబ్బు రాబట్టడం చాలా కష్టం. సింగపూర్ అవార్డును, అంటే అక్కడి ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఇచ్చే తీర్పును మాత్రం, విదేశీ అవార్డుల అమలుకు దేశాలు చేసుకున్న 1958 న్యూయార్క్ ఒప్పందం కింద థాయ్‌లాండ్ కోర్టులో అమలుకు పెట్టొచ్చు.

నన్ను బాధపెట్టేది మీ క్లాజు. ఊరి పేరు తప్ప, ఆర్బిట్రేషన్ ఏ సంస్థ రూల్స్ ప్రకారం జరగాలో అందులో లేదు. నా క్లయింటు ఒకరి కాంట్రాక్టులో ఒకచోట హైదరాబాద్, ఇంకోచోట లండన్ అని ఉంది. పాత కాగితం నుంచి కాపీ కొట్టారు. ఏ దేశపు కోర్టుకు అధికారమో తేలేసరికే రెండేళ్లు పోయాయి. ఆయనకు రావాల్సిన డబ్బు ఊసే రాలేదు.

సింగపూర్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ సెంటర్ రూల్స్ అని రాసి ఉంటే, 10 లక్షల సింగపూర్ డాలర్ల లోపు వివాదాలకు 2025 జనవరి 1 నుంచి కొత్త పద్ధతి ఉంది: సాధారణంగా ఒకే ఆర్బిట్రేటర్, ఆయన నియామకం నుంచి మూడు నెలల్లో అవార్డు. ఈ రూల్స్‌కు అవతలివాళ్లు ఇప్పుడు ఒప్పుకున్నా చాలు, రాతపూర్వకంగా అడగండి.

లోడింగ్ నాటి తేమ రిపోర్టు, సీలు వేసిన శాంపిల్ ప్యాకెట్ జాగ్రత్త. ఆ సీలు మాత్రం విప్పకండి.