“మంచి ఏరియా” అనే మాటకు నెలకు 1,500 డాలర్లు

ప్రశ్న: డాలస్ దగ్గర ప్లేనోలో అద్దెకు ఉంటున్నాం. మావారు హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నారు, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాం. పాపకు ఆరేళ్ళు. ఫ్రిస్కోలో 7 లక్షల 50 వేల డాలర్ల ఇల్లు, తూర్పు ప్లేనోలో 5 లక్షల 25 వేల డాలర్ల ఇల్లు చూశాం. మొదటి చోట చుట్టూ మనవాళ్ళే. రెండో చోట నల్లజాతివారు, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాలు, తెల్లవారు కలిసి ఉన్నారు, స్కూలు రేటింగు తక్కువ. “పాప చదువు ఏమవుతుంది, రేపు అమ్మితే ఎవరు కొంటారు” అంటున్నారు మా ఆడపడుచు. అక్కడ ఎలాంటివాళ్ళు ఉంటారని ఏజెంటును అడిగితే చెప్పలేనన్నారు. ఏది కొనాలి? — ఒక పాఠకురాలు

జవాబు: మీ ఏజెంటు దాటవేయలేదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం, జాతిని బట్టి కొనుగోలుదారును ఒక పేట వైపు నడిపించడం చట్టవిరుద్ధం కనుక, జాగ్రత్తగల ఏజెంట్లెవరూ ఆ ప్రశ్నకు జవాబివ్వరు. ఒకప్పుడు అమెరికాలో ఎన్నో దస్తావేజుల్లో “తెల్లవారికి తప్ప అమ్మరాదు” అన్న షరతు ఉండేది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీం కోర్టు 1948లో తీర్పు చెప్పాక కూడా ఆ అలవాటు చాలాకాలం పోలేదు. ఆ షరతు రాసినవారి దృష్టిలో మనమూ బయటివాళ్ళమేనన్న సంగతి మీ ఆడపడుచుగారికి గుర్తుచేయవచ్చు.

ఇక లెక్క చూద్దాం. రెండింటికీ 20 శాతం ముందుగా కట్టి, మిగతాది 30 ఏళ్ళకు 6.5 శాతం వడ్డీతో తీసుకుంటారనుకుంటే, నెలసరి వాయిదా మొదటి ఇంటికి సుమారు 3,792, రెండో ఇంటికి 2,655 డాలర్లు. ఆస్తి పన్ను ఏటా ఇంటి ధరలో 2 శాతం అనుకుంటే పన్నులో తేడా నెలకు మరో 375. సొంతంగా నివసించే ఇంటికి టెక్సాస్ ఇచ్చే హోమ్‌స్టెడ్ పన్ను మినహాయింపు రెండు ఇళ్ళకూ వర్తిస్తుంది కనుక ఈ తేడా పెద్దగా తగ్గదు. అంటే నెలకు 1,500 డాలర్లు పైమాటే. పాప కాలేజీకి వెళ్ళేదాకా పన్నెండేళ్ళు ఇలా కట్టాక, అదనపు అప్పులో అసలు కింద తీరేది సుమారు 35 వేలు మాత్రమే. వడ్డీ, పన్ను కింద తిరిగిరానిది దాదాపు 1 లక్షా 82 వేలు. ఫ్రిస్కో ఇంటి ధర ఎక్కువ పెరిగితే కొంత పూడవచ్చు, కానీ ఆ పెరుగుదలను ముందే జమ వేసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఈ సొమ్ముకు మీరు కొంటున్నదేమిటి? స్కూలు అంటారు. అయితే సగటు మార్కులు చాలావరకు తల్లిదండ్రుల ఆదాయాన్నీ చదువునూ చూపుతాయి. అక్కడి టీచర్లు ఏడాదిలో పిల్లలకు ఎంత నేర్పారన్నది వేరే సంగతి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు షాన్ రియర్డన్ 2017లో వెలువరించిన విశ్లేషణలో, పేద నల్లజాతి, హిస్పానిక్ పిల్లలే ఎక్కువగా చదివే చికాగో ప్రభుత్వ పాఠశాలల్లో, మూడు నుంచి ఎనిమిదో తరగతి మధ్య ఐదేళ్ళలో పిల్లలు సుమారు ఆరేళ్ళ చదువు నేర్చుకున్నారని తేలింది. టెక్సాస్ విద్యాశాఖ ప్రతి స్కూలుకూ ఇచ్చే గ్రేడులో సాధన, పురోగతి వేర్వేరు భాగాలుగా ఉంటాయి. మీరు చూడవలసింది రెండోది. పురోగతి కూడా బాగా లేకపోతే ఆడపడుచుగారి భయంలో నిజం ఉన్నట్టే, అప్పుడు నా సలహా మారుతుంది. ఇంకొకటి: పిల్లల సంఖ్య తగ్గుతోందని, ప్రభుత్వ స్కూళ్ళను నడిపే ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు స్కూళ్ళు మూయడానికి నిర్ణయించింది. సంతకం పెట్టే ముందు మీ ఇంటికి కేటాయించిన స్కూలు ఏదో, దాని భవిష్యత్తు ఏమిటో డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే కనుక్కోండి.

అమ్మకం విషయంలో నా భయం ఆడపడుచుగారి భయానికి తలకిందులు. వీధిలో సగం ఇళ్ళు ఒకే రకం ఉద్యోగంతో, ఒకే రకం వీసాతో నడుస్తుంటే, ఐటీలో లేఆఫ్‌లు వచ్చిన ఏడాది అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, కొనవలసినవాళ్ళూ అదే ఇబ్బందిలో ఉంటారు. పొదుపంతా ఒకే కంపెనీ షేర్లలో పెట్టవద్దని చెప్పే మేము, ఇంటి విషయంలో ఆ మాట ఎందుకో మరిచిపోతుంటాం. నర్సు, ఎలక్ట్రీషియన్, ప్రభుత్వోద్యోగి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కలిసి ఉన్న వీధికి ఆ గండం తక్కువ.

మనవాళ్ళ మధ్య ఉండాలనుకోవడం తప్పని నేననడం లేదు. పాప నోట తెలుగు నిలవాలన్నా, జ్వరం వచ్చినరోజు పక్కింటావిడ చారన్నం పంపాలన్నా అది విలువైనదే. తరగతిలో తనలాంటి పిల్ల మరొకతి లేకపోతే పాప ఒంటరితనం పడవచ్చు. అందుకే కొనేముందు ఒకరోజు స్కూలు వదిలే వేళకు అక్కడికి వెళ్ళి నిలబడండి. కానీ మనవాళ్ళు మరీ దూరమైపోరు: ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయం తూర్పు ప్లేనో నుంచి కారులో అరగంట, అంతే.

వీసా సంగతే చివరికి నన్ను రెండో ఇంటి వైపు మొగ్గేలా చేస్తోంది. హెచ్-1బి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ముందుగా కట్టే సొమ్ములో మిగిలే 45 వేల డాలర్లు, రెండో ఇంటి వాయిదా, పన్ను కలిపి నెలకు 3,530 చొప్పున, ఏడాదికి పైగా సరిపోతాయి. వాటిని వెంటనే తీసుకోగలిగే సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచండి. వాయిదా తక్కువైన ఇల్లయితే, తప్పనిసరై దేశం వదలవలసివచ్చినా, వచ్చే అద్దె ఖర్చులో ఎక్కువ భాగాన్ని మోస్తుంది. నెలకు మిగిలే 1,500లో కనీసం 500 పాప కాలేజీకి 529 ఖాతాలో (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) వేయండి.