ఆపరేషన్‌లో తీసిన ముక్క ఎక్కడికి వెళ్తుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

యూనివర్సిటీలు, బోధనాసుపత్రులు నడిపే బయోబ్యాంకుల (కణజాలం, రక్తం వంటి నమూనాలను పరిశోధన కోసం దాచే చోట్ల) గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్. థియేటర్‌కు తీసుకెళ్తుండగా ఇంకో కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. "మిగిలిన కణజాలం పరిశోధనకు వాడుకోవచ్చు" అని ఉంది. సంతకం పెడితే అవసరానికి మించి కోస్తారా? పెట్టకపోతే వైద్యంలో తేడా చూపిస్తారా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: రెండూ జరగకూడదు. ఎంత తీయాలన్నది జబ్బును బట్టి సర్జన్‌గారు నిర్ణయిస్తారు, బయోబ్యాంకుకు అందులో మాట ఉండదు. తీసిన గడ్డ ముందు పెథాలజీకి, అంటే కణజాలాన్ని పరీక్షించి జబ్బును తేల్చే విభాగానికి వెళ్తుంది. అక్కడ అంచులకు సిరా రాసి, కొలతలు తీసి, రిపోర్టుకు కావలసిన ముక్కలు పక్కన పెట్టాకే మిగిలినదాన్ని బ్యాంకుకు ఇస్తారు. అది కూడా పెథాలజిస్టు చేత్తోనే జరగాలి. గడ్డ సెంటీమీటరుకు లోపు ఉన్నా, ముందే కీమో ఇచ్చినందువల్ల కుంచించుకుపోయినా అంతా రిపోర్టుకే పోతుంది. అలాంటప్పుడు బ్యాంకు ఏమీ తీసుకోకపోవడమే సరైన పని.

థియేటర్ గుమ్మం దగ్గర ఈ సంతకం అడగడం మాత్రం తప్పు. భయంలో ఉన్న మనిషి ఏం చదువుతుంది? వార్డులో, ముందు రోజే, తెలుగులో రాసిన పత్రం ఇచ్చి, అడిగినవాటికి జవాబు చెప్పి తీసుకోవాలి. పేషెంటు తెలివిలో ఉంటే సంతకం ఆవిడదే కావాలి, కోడలిదో కొడుకుదో కాదు. చదువు రానివారైతే వేలిముద్రతో పాటు ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఉండాలి.

పత్రంలో ఇవి వెతకండి: ఏం దాస్తారు (గడ్డ ఒక్కటేనా, రక్తం కూడానా), ఎన్నేళ్లు, బయటి సంస్థలకూ కంపెనీలకూ ఇస్తారా, జన్యు పరీక్షలు చేస్తారా, మీకు పనికొచ్చే ఫలితం తేలితే చెబుతారా, వద్దనుకుంటే ఎవరికి రాయాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో బయోబ్యాంకుల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. దాని ప్రకారం మన దేశంలో నమూనా ఇచ్చినవారే దాని యజమానులు, బ్యాంకు కాపలాదారు మాత్రమే. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో జాన్ మూర్ అనే పేషెంటు వేసిన కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన తీర్పు ఇందుకు భిన్నం. డాక్టరు తన పరిశోధన, ఆర్థిక ప్రయోజనాల సంగతి ముందే చెప్పి ఉండాల్సిందని అంటూనే, శరీరంలోంచి తీసేసిన కణాల మీద పేషెంటుకు ఆస్తి హక్కు లేదని ఆ కోర్టు తేల్చింది.

మనసు మారితే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అయితే పేషెంటు పేరుకూ నమూనా నంబరుకూ మధ్య లంకె పూర్తిగా తెంచేసిన నమూనా అయితే అది ఎవరిదో బ్యాంకుకే తెలియదు కాబట్టి వెతికి తీయలేరు. అప్పటికే చేసిన పరీక్షల ఫలితాలనూ వెనక్కి తేలేరు. ఈ రెండు సంగతులూ పత్రంలో రాసి ఉండాలి.

ప్రశ్న: నేను పెథాలజీ పీజీ. మా బ్యాంకు నుంచి ఇచ్చిన నమూనాల్లో సగానికి పైగా ఆర్‌ఎన్‌ఏ (కణాల్లో జన్యు సమాచారాన్ని మోసే అణువు) పాడైందని తిరిగి వచ్చాయి. ఫ్రీజర్ మైనస్ 80 దగ్గరే ఉంది. లోపం ఎక్కడ?
(ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: ఫ్రీజర్‌లోకి చేరకముందే పాడై ఉంటాయి. సర్జన్ రక్తనాళం కట్టేసిన క్షణం నుంచి ఆ ముక్కకు ఆక్సిజన్ లేదు. గడ్డ బయటికొచ్చిన సమయం, గడ్డకట్టించిన సమయం మీ రిజిస్టర్‌లో ఉన్నాయా? లేకపోతే మొదటి లోపం అదే. ఆ రెంటికీ మధ్య అరగంట దాటనివ్వకండి. డీఎన్‌ఏ కొంత ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది, ఆర్‌ఎన్‌ఏ ఓర్చుకోదు. ప్రొటీన్ల మీది ఫాస్ఫేట్ గుర్తులైతే నిమిషాల్లోనే మారిపోతాయి.

రెండోది, థియేటర్ సిస్టర్లు మంచి ఉద్దేశంతోనే గడ్డను సెలైన్‌లో ముంచి పంపుతారు. అది నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్లకుండా నిలిపే రసాయనంలో) వేసి పంపితే ఇక ఫ్రీజింగ్‌కు పనికిరాదు. పొడి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఐస్ మీద ఉంచి తెప్పించండి. ముక్కకు ఐస్ నేరుగా తగలకూడదు.

మూడోది, ఎక్కువమంది గమనించనిది. ముక్కను తిన్నగా లిక్విడ్ నైట్రోజన్‌లో వేస్తే చుట్టూ నత్రజని ఆవిరి పొర ఏర్పడి చలిని లోపలికి పోనివ్వదు. గడ్డకట్టడం నెమ్మదిస్తుంది, మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి. అందుకే స్టీలు గ్లాసులో ఐసోపెంటేన్ అనే ద్రవం పోసి, ఆ గ్లాసును నైట్రోజన్‌లో నిలబెట్టండి. అడుగున తెల్లగా పేరుకోవడం మొదలైతే సిద్ధమైనట్టే. అర సెంటీమీటరు మించని ముక్కలను అందులో 30 నుంచి 60 సెకన్లు ముంచి, ముందే చల్లబరిచిన క్రయోవయల్‌లో (అతి చలిని తట్టుకునే చిన్న మూత సీసాలో) వేయండి. ఐసోపెంటేన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. గదిలో గాలాడాలి, ఆక్సిజన్ మీటర్ ఉండాలి. వయల్స్‌ను నైట్రోజన్ ద్రవంలో కాక పైన ఆవిరిలో దాచండి. ద్రవం మూతలోంచి లోపలికి దూరితే బయటికి తీసినప్పుడు వయల్ పేలుతుంది.

ప్రతి ముక్క పక్కనుంచీ ఒక పొర కోసి, రంగు అద్దిన హెచ్ అండ్ ఈ స్లైడ్ చేసి మైక్రోస్కోపులో చూడండి. "ట్యూమర్" అని లేబుల్ ఉన్నా లోపల కొవ్వు, చచ్చిన కణజాలం మాత్రమే ఉండటం అరుదేమీ కాదు. మామూలు స్టిక్కర్లు చలికి ఊడిపోతాయి, క్రయో లేబుళ్లే వాడండి. పేరు తెలియని వయల్‌ను పారేయడం తప్ప చేసేదేమీ లేదు.

పారాఫిన్ బ్లాకుల (ఫార్మలిన్‌లో ఉంచాక మైనంలో పొదిగిన ముక్కల) విషయానికొస్తే: ముక్కకు పది రెట్లు ఫార్మలిన్, అదీ బఫర్ కలిపినది. రొమ్ము గడ్డలకు గంటలోపు ఫార్మలిన్ తగలాలి, 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది కాబట్టి పెద్ద గడ్డను కోయకుండా రాత్రంతా వదిలేస్తే నడిమధ్య కుళ్లుతుంది.

ప్రశ్న: నోటి క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ బ్యాంకు నుంచి 40 గడ్డలు, వాటి పక్కనున్న మామూలు కణజాలం కావాలి. ఎలా అడగాలి?
(ఒక పరిశోధకుడు, విశాఖపట్నం)

జవాబు: ముందు మీ ఎథిక్స్ కమిటీ అనుమతి. తర్వాత రెండు సంస్థల మధ్య నమూనా బదిలీ ఒప్పందం. దాని మీద మీ గైడ్‌గారి సంతకం చాలదు, సంస్థ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవారు పెట్టాలి. విదేశీ సంస్థ భాగస్వామ్యం ఉంటే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా అవసరం. బ్యాంకు నమూనాను అమ్మదు, దాచి సిద్ధం చేసి పంపిన ఖర్చు మాత్రం తీసుకుంటుంది.

అడిగేటప్పుడు "గ్రాము ముక్క" అనకండి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను వేరుచేసే మామూలు కాలమ్ కిట్లు ఒక్కసారికి 25 మిల్లీగ్రాములకు మించి తట్టుకోవు. ఒక గడ్డను పదిమందికి పంచాల్సిన బ్యాంకుకు మీరు కొలత తెలిసి అడిగారన్న నమ్మకం కుదరాలి. మొదట ఐదు నమూనాలు తెప్పించి మీ పద్ధతి పనిచేస్తుందో లేదో చూసుకోండి.

ఇంకొక్క మాట. గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్న నోట్లో గడ్డ పక్కనున్న చర్మం కంటికి బాగానే కనిపిస్తుంది, జన్యువుల్లో మాత్రం మార్పులు అప్పటికే మొదలై ఉండవచ్చు. దాన్ని "మామూలు" అనుకుని పోలిస్తే లెక్క తప్పుతుంది. పోలికకు అదే మనిషి రక్తం అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబులో తీసినదే కావాలి, అదే పనికి వాడే హెపారిన్ మాత్రం పీసీఆర్‌కు (డీఎన్‌ఏ నకళ్లు తీసే పరీక్షకు) అడ్డుపడుతుంది.

రవాణా: లోపల లీకు కాని వయల్, చుట్టూ పీల్చుకునే దూది, దానిపై రెండో లీకుప్రూఫ్ డబ్బా, ఆపైన గట్టి పెట్టె. పెట్టె మీద జీవ నమూనాలకు యూఎన్ 3373, డ్రై ఐస్‌కు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌కు) యూఎన్ 1845 గుర్తులు, డ్రై ఐస్ బరువు ఉండాలి. డ్రై ఐస్ ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి పెట్టెకు గాలి బిగిసేలా సీలు వేస్తే పేలుతుంది. ప్రయాణం ఒక రోజే అన్నా రెండు రోజులకు సరిపడా వేయించండి. సోమ, మంగళవారాల్లోనే పంపమనండి. శుక్రవారం బయల్దేరిన పెట్టె ఆదివారమంతా గోడౌన్‌లో పడి ఉంటుంది. అందగానే డ్రై ఐస్ ఎంత మిగిలిందో రాసుకోండి. కరిగిన నమూనాను గుట్టుగా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేయకండి, బ్యాంకుకు తెలియజేయండి. పారాఫిన్ బ్లాకులకు డ్రై ఐస్ అక్కర్లేదు. కానీ మైనం 56 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, మే నెల ఎండలో మూసి ఉన్న వ్యాన్‌లో మెత్తబడవచ్చు. కూల్ ప్యాక్ వేయించండి.

ప్రశ్న: మా ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ పరీక్షకని రక్తం తీసుకుంటున్నారు. దాన్ని దాచి వేరే పరిశోధనలకు వాడతారా?
(ఒక ఉపాధ్యాయుడు, పాడేరు)

జవాబు: పరీక్షకిచ్చిన సమ్మతి పరీక్ష వరకే. మిగిలిన రక్తం దాచి పరిశోధనకు వాడాలంటే విడిగా అడగాలి, లేదా ఎథిక్స్ కమిటీ కారణం రాసి మినహాయింపు ఇవ్వాలి. గిరిజన గూడేల్లో ఇంటింటి సమ్మతికి ముందు గ్రామ పెద్దలతోనూ మాట్లాడాలి.

మీ సందేహం న్యాయమైనదే. అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవసుపాయి తెగవారు 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వారికి రక్తం ఇచ్చారు. తమలో షుగర్ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో తేలుతుందని ఆశించారు. ఆ రక్తాన్నే స్కిజోఫ్రీనియా మీద, వారి పూర్వీకుల వలసల మీద పరిశోధనలకు వాడారు. ఆ లోయే తమ పుట్టుక అని నమ్మే తెగకు ఇది పెద్ద గాయం. కోర్టుకెళ్లారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, రక్తం తిరిగి ఇచ్చేసింది. పేర్లు తీసేస్తే చాలదని ఈ కేసు చూపించింది. తెగ పేరు మిగిలితే తెగంతటికీ మచ్చ వస్తుంది. చిన్న గూడెమైతే ఊరు, వయసు, అరుదైన జబ్బు చూసి మనిషినే పోల్చేయవచ్చు. రక్తం తీసుకునేవారిని రెండే అడగండి: పరీక్ష అయ్యాక మిగిలిన రక్తం ఏం చేస్తారు, ఆ మాట రాసిన కాగితం ఏది?

ప్రశ్న: జీవన్‌దాన్‌లో అవయవదానానికి పేరిచ్చాను. నా మెదడు పరిశోధనకు కూడా అందులోనే వెళ్తుందా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: వెళ్లదు. జీవన్‌దాన్ అవయవమార్పిడి కోసం. మెడికల్ కాలేజీకి దేహదానం అనాటమీ పాఠాల కోసం. పరిశోధనకు మెదడు ఇవ్వడం మూడోది. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాల భాండాగారం నడుస్తోంది. దానికి విడిగా సమ్మతి కావాలి. మరణించాక కొన్ని గంటల్లోనే తీయాల్సి ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియకుండా మీరొక్కరే పత్రం నింపి బీరువాలో పెట్టుకుంటే లాభం లేదు. మీ ఊరి నుంచి అది ఎలా సాధ్యమో ముందే ఆ విభాగాన్ని అడిగి, పిల్లలకు చెప్పి ఉంచండి.