రెండు వారాల సర్టిఫికెట్‌తో సేఫ్టీ ఆఫీసర్ అవుతారా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పరవాడలో ఒక మందుల కంపెనీ ప్రొడక్షన్‌లో ఏడాదిగా చేస్తున్నాను. సేఫ్టీ వైపు వెళ్లాలని ఉంది. రెండు వారాల కోర్సు చేస్తే సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం గ్యారంటీ అని ఒకచోట నుంచి తెగ ఫోన్లు చేస్తున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఫ్యాక్టరీలో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్‌గా పెట్టాలంటే, కేంద్రం నమూనా నిబంధనల్లో ఇంజినీరింగ్ డిగ్రీ వాళ్లకి 2 ఏళ్లు, మీలాంటి కెమిస్ట్రీ డిగ్రీ వాళ్లకి 5 ఏళ్లు సూపర్‌వైజర్ స్థాయి అనుభవం అడుగుతారు. దానిపైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి. మన రాష్ట్ర నిబంధనలు ఫ్యాక్టరీల శాఖలో ఒకసారి సరిచూసుకోండి. గల్ఫ్ కంపెనీలు అడిగే నెబోష్ (బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్) మంచిదే గానీ, ఇక్కడి డిప్లొమాకి బదులు కాదు. చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది డిప్లొమా మీద కన్నేసి ఉంచండి.

కాబట్టి ఇప్పుడే ప్రొడక్షన్ వదలొద్దు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయ్యేదాకా ఆగండి, మీకు లెక్కకొచ్చేది ఆ అనుభవమే. ఈలోగా పర్మిట్ పని, అంటే ప్రమాదమున్న పనికి ముందు అన్నీ సరిచూసి అనుమతి పత్రం రాసిచ్చే పని నేర్చుకోండి.

ఉదాహరణకి రియాక్టర్‌లోకి, అంటే రసాయనాలు కలిపే పెద్ద మూత పాత్రలోకి, మనిషి దిగే పర్మిట్‌నే తీసుకోండి. సాల్వెంట్, ఆవిరి, నైట్రోజన్ లైన్లకి వాల్వ్ కట్టేస్తే చాలదు, వాల్వ్ కారుతుంది. బ్లైండ్ (పైపుని పూర్తిగా మూసే పలక) వేయాలి, లేదా పైపు విప్పేయాలి. లోపల కలియతిప్పే ఎజిటేటర్‌కి కరెంటు తీసి తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులో ఉండాలి. తర్వాత గ్యాస్ మీటర్‌తో పైన, మధ్యలో, అడుగున చూడాలి. సాల్వెంట్ ఆవిరి గాలికంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. ముందు చూడాల్సింది ఆక్సిజన్: 19.5 నుంచి 23.5 శాతం. ఎందుకంటే నైట్రోజన్ నిండి ఆక్సిజన్ తగ్గినచోట, మామూలు మీటర్లలో మండే ఆవిరి చూపే సెన్సర్ సరిగా పనిచేయక తక్కువ చూపిస్తుంది. ఆ తక్కువ అంకె చూసి మోసపోతారు. ఆక్సిజన్ సరిగా ఉన్నాకే ఎల్‌ఈఎల్ (ఆవిరి అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదు) చూడండి, అందులో 10 శాతం దాటితే దిగకూడదు. లోపలికి తీసుకెళ్లే లైటు 24 వోల్టులు మించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది.

ఎక్కువగా తప్పు జరిగేది రెండుచోట్ల. ఉదయం తీసిన రీడింగ్‌తో భోజనాల తర్వాత దించేస్తారు. నైట్రోజన్‌కి వాసనుండదు, లోపలివాడు కుప్పకూలగానే బయట కాపలా ఉన్నవాడు కాపాడదామని దూకేస్తాడు, ఇద్దరూ పోతారు. దిగేవాడికి హార్నెస్, తాడు కట్టేది బయటనుంచే లాగడానికి.

మీ కంపెనీ సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫున మీ పేరు పెట్టమని అడగండి. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి: ప్రతి 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దాన్ని చూసుకునే శిక్షణ పొందిన మనిషి ఉండాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ పని మీరు అడిగితే కాదనరు. తృటిలో తప్పిన ప్రమాదాలు తేదీ, కారణం, ఏం సరిచేశారో కలిపి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇంటర్వ్యూలో అడిగేవాటికి సగం జవాబులు అందులోనే దొరుకుతాయి.

కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావాలన్నది కూడా అర్హతల్లో ఉంది. మీ షిఫ్ట్‌లో ఒడిశా, బిహార్ వాళ్లుంటే, "ఆగు, దిగొద్దు" అన్న మాట ముందుగా వాళ్ల భాషలో నేర్చుకోండి.