ఇంటి చెత్త, కొట్టు చెత్త

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లి. పైన 900 చదరపు అడుగుల ఇల్లు, కింద మా కర్రీ పాయింట్. చెత్త రుసుం రెండింటికీ వేరుగా ఎందుకండీ? తలుచుకుంటేనే టెన్షన్. – ఒక పాఠకురాలు

జవాబు: ఇంటికి చూసేది వైశాల్యమేనమ్మా. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 601 నుంచి 1,000 చదరపు అడుగుల ఇంటికి నెలకు 50 రూపాయలు. ఏడాదికి 600, ఆస్తి పన్నుతో కలిపి కడతారు.

కొట్టు సంగతి వేరు. అక్కడ లెక్క కిలోల్లో. రోజుకు 5 కిలోల లోపైతే నెలకు 500. 10 కిలోల దాకా వెళ్తే 1,400! అందుకే ముందు మీ కూరలు తూచే కాటా మీదే వారం రోజులు చెత్త కూడా తూచండి (బకెట్‌లో పెట్టి, శుభ్రంగానే). తడి చెత్త బరువులో ఎక్కువ భాగం నీళ్లదే. మా ఇంట్లో సాంబారు అడుగు, కడిగిన ఆకుకూర వేర్లు జల్లెడలో వార్చడం మొదలుపెట్టాక బకెట్ ఎత్తడమే తేలికైంది. మిగిలిన కూర తగ్గించే లెక్క మాత్రం నాకంటే మీకే బాగా తెలుసు. తడి, పొడి కలిపేయకండి. పైఇంటి బకెట్, కొట్టు బకెట్ కూడా వేర్వేరుగా ఉంచండి.