కాకినాడ నుంచి భీమవరానికి మూడు పాయలు దాటుకుంటూ: సంక్రాంతి సెలవుల్లో బండి ప్రయాణం

సంక్రాంతి సెలవులు ముగిసి హాస్టల్‌కు తిరిగి వెళ్లేలోపు, భీమవరం స్నేహితుడితో కలిసి కాకినాడ నుంచి అతని ఇంటి దాకా బండి మీద డెల్టాను అడ్డంగా దాటాలని ఉందన్నారు. దానికి ఒక్క రోజు సరిపోతుందా, ఏ దారి మంచిది, చలికాలంలో ఇబ్బంది ఉంటుందా అని అడిగారు. పీజీ చదివే రోజుల్లో, యూనివర్సిటీ తెరిచేలోపు, అనంతపురం జిల్లా నుంచి వచ్చిన నా సహాధ్యాయిని వెనక కూర్చోబెట్టుకుని నేను ఇదే ప్రయాణం చేశాను. మాది పాలకొల్లు దగ్గర పల్లె కనుక ఆ తరువాత కూడా ఆ రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాను.

216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని యానాం, అమలాపురం, రాజోలు, దిండి, పాలకొల్లు మీదుగా వెళితే మొత్తం దూరం 130 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి భీమవరంలో ఉండవచ్చు. ఒక్క రోజు చాలని చెప్పేవారు ఈ లెక్కతోనే చెబుతారు. నా సలహా మాత్రం రెండు రాత్రులు దారిలో గడపమనే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి పి.గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. తూర్పు నుంచి పడమరకు వెళ్లేవారు ఈ మూడింటినీ దాటాలి కాబట్టి, ఏ పాయను ఎక్కడ, ఎలా దాటాలో ముందు నిర్ణయించుకుంటే బసలు, భోజనాలు వాటంతట అవే కుదురుతాయి. రావులపాలెం మీదుగా పోయే 16వ నంబరు రహదారి ఎంత విశాలంగా ఉన్నా అటు వెళ్లవద్దు. ఆ దారి జొన్నాడ దగ్గర గౌతమినీ, సిద్ధాంతం దగ్గర వశిష్ఠనూ పెద్ద వంతెనల మీద దాటించేస్తుంది. వైనతేయ అక్కడికి ఇంకా పుట్టనే లేదు.

కాకినాడ నుంచి బయలుదేరాక కోరింగ మడ అడవుల దగ్గర ఆగి, మడచెట్ల మధ్య వేసిన చెక్కల బాట మీద ఒక గంట నడవండి. తరువాత 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉన్న యానాం వస్తుంది. అక్కడ పెట్రోలు మన రాష్ట్రం కంటే చౌక కనుక ట్యాంకు నింపుకోండి. యానాం నుంచి ఎదుర్లంక వంతెన ఎక్కితే నిమిషాల్లో కోనసీమలో ఉంటారు. మేము ఆ వంతెన వదిలేసి ద్రాక్షారామం వెళ్లి, భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం చేరాము. మీరూ అలాగే చేయండి. అయితే నీటిమట్టాన్ని, ఇసుక మేటలను బట్టి పంటు నడక మారుతుంది కనుక, ద్రాక్షారామంలోనే ఎవరినైనా అడిగి అప్పుడు రేవుకు వెళ్లండి.

పంటు అంటే పడవలను జతచేసి పైన బల్లలు పరిచిన వేదిక అనుకోండి. ఒడ్డు నుంచి దాని మీదికి బల్లలు వేస్తారు. వెనక కూర్చున్నవారు ముందే దిగిపోవాలి, బండి నడిపేవారు మొదటి గేరులో ఆగకుండా ఎక్కించాలి. బల్ల మధ్యలో ఆగి కాలు కింద పెట్టబోతే అక్కడ కాలికి అందేది ఏమీ ఉండదు. పెన్న ఇసుకను చూస్తూ పెరిగిన మావాడు, గోదావరి నడిమికి వచ్చాక కూడా రెండు చేతులతో బ్రేకు బిగించి పట్టుకునే నిలబడ్డాడు. పంటు మనిషి అతన్ని కాసేపు చూసి, "గేరులో పెట్టి వదిలెయ్యండి బాబూ, అదెక్కడికీ పోదండి" అన్నాడు. చుట్టూ ఉన్న కొబ్బరికాయల బస్తాలవాళ్లు నవ్వారు, మావాడు మాత్రం బ్రేకు వదలలేదు.

ఆ రాత్రి అమలాపురంలో ఉండి, మర్నాడు అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి. పనసాకులను ఈనెపుల్లలతో బుట్టల్లా కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది కనుక చట్నీ తక్కువగా అద్దుకోవడం మంచిదని నా అభిప్రాయం. అక్కడి నుంచి పి.గన్నవరం దగ్గరే. కాలువ నీరు నదిని దాటి వెళ్లే అక్విడక్టు అక్కడ ఉంది. కాటన్ కాలంనాటి పాత కట్టడం పక్కన కొత్తది కట్టి, ఆ ప్రాంతంలోనే ఆకలితో వచ్చినవారికి జీవితమంతా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కింద వైనతేయ సముద్రానికి పోతూ ఉంటుంది, పైన కాలువ పొలాలకు పోతూ ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847, 1852 సంవత్సరాల మధ్య అని పుస్తకంలో చదవడం వేరు, ఆ నీరు ఇంత దూరం వచ్చి మరో పాయను కూడా దాటడం కళ్లారా చూడడం వేరు. మావాడు అక్కడ నిలబడి కదలనన్నాడు.

గన్నవరం వద్దనుకుంటే బోడసకుర్రు వంతెన మీదుగా పాశర్లపూడి చేరవచ్చు. 1995 జనవరిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండిన ఊరు అదే. ఇప్పుడు దారిన పోయేవారికి కొబ్బరితోటలే కనిపిస్తాయి. ఏ దారిన వచ్చినా రాజోలు దాటి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్లి, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి వెనక్కి రండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి మళ్లీ పంటు ఉంటుంది. అక్కడ పోటుపాట్ల ప్రభావం ఉంటుంది కనుక, నీరు దిగిన వేళ రేవు వాలు ఎక్కువై, బురదగా ఉంటుంది. పంటు లేకపోతే దిండి, చించినాడ వంతెన ఎలాగూ ఉంది. నరసాపురం నుంచి పాలకొల్లు క్షీరారామం, ఆ తరువాత భీమవరం: ఈ చివరి భాగంలో దారి తప్పే ప్రసక్తే లేదు.

ఇక చలి సంగతి. కోస్తాలో చలి స్వెట్టరుతో తీరిపోయేదే, అసలు ఇబ్బంది పొగమంచుతోనే. కాలువల మీద, ఆకుమళ్ల మీద మంచు ఎనిమిది గంటల దాకా కదలదు. హెల్మెట్ అద్దం మీద నీరు పట్టి, ఎదురుగా వచ్చే లారీ దీపం ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు. కాలువ గట్టు రోడ్లకు చాలాచోట్ల అంచున రాళ్లు కూడా ఉండవు, మలుపు తప్పితే నేరుగా నీళ్లలోకే. అందువల్ల ఎండ తగిలాకే బయలుదేరండి, దీపాలు పెట్టేవేళకు ముందే బస చేరండి. జనవరిలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. సార్వా, అంటే తొలి పంట ధాన్యం ఇంకా మిగిలినచోట రోడ్డులో సగం మేర ఆరబోసి, సాయంత్రం బరకాలు కప్పి, ఎగిరిపోకుండా రాళ్లు పెడతారు. ఆ నల్లటి బరకాలు రాత్రిపూట దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. మరోవైపు దాళ్వా, అంటే రెండో పంట నాట్లకు దమ్ము చేసి వచ్చే ట్రాక్టర్లు చక్రాల బురదను తారు మీద రాల్చుకుంటూ పోతాయి, మంచుకు తడిసిన ఆ బురద మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. పొలం పనివారు పొద్దున్నే రోడ్డు మీదికి వస్తారు, హారన్ కొడుతూ తోసుకుపోవద్దు.

కనుమ నాడు మాత్రం అంబాజీపేట పరిసరాల్లో ప్రయాణం పెట్టుకోవద్దు, పెట్టుకుంటే బండి ఎక్కడైనా ఉంచి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడడానికే ఆ రోజు కేటాయించండి. వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభలను భుజాల మీద మోసుకుంటూ పచ్చటి చేల మధ్య నుంచి, కౌశిక కాలువ నీళ్లలో నుంచి తీసుకువస్తారు. జనం ముందు బండి అంగుళం కదలదు. పండగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర కార్లు రోడ్డుకు రెండువైపులా ఆగి ఉంటాయి. చదువుకునే పిల్లలకు ఆ బరుల దగ్గర పనేమీ లేదని నేను ఛాందసుడిలా అనడమే కాదు, పందేలు చట్టవిరుద్ధం కూడా. లాడ్జీలు ఆ రోజుల్లో నిండిపోతాయి, బంధువుల ఇల్లు ఉంటే ముందే కబురు పెట్టండి.

బండి భీమవరం స్నేహితుడిదైతే మంచిది, ప్రయాణం ముగిసినచోటే అది ఇంటికి చేరుతుంది. మీరు అక్కడి నుంచి రైలెక్కి హాస్టల్‌కు వెళ్లవచ్చు. అయితే పండగ తరువాత భీమవరం నుంచి బయలుదేరే రైళ్లలో బెర్తు దొరకడం కష్టం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కనుక, దారి సంగతి తరువాత చూసుకున్నా టికెట్టు మాత్రం ఆ రోజు ఉదయమే తీసుకోండి.