గూట్లో గద్ద, గేట్లో పొక్లెయిన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: లేఅవుట్ వేయబోయే స్థలంలో పెద్ద చెట్టు మీద పుల్లల గూడు ఉంది. పాత గూడేనని కాంట్రాక్టర్ అంటున్నాడు. అందులో గద్ద ఉందో లేదో కింద నుంచే తేల్చుకోవడం ఎలా?

జవాబు: చెట్టెక్కొద్దు, డ్రోన్ పంపొద్దు. డ్రోన్‌ను చూస్తే తల్లి గూడు వదిలి దాని మీదికి వెళ్తుంది. ఈలోగా గుడ్లు చల్లారిపోతాయి, లేదా ఎండకు పాడవుతాయి.

ముందు నేల చూడండి. కింది ఆకుల మీద, కొమ్మల మీద తెల్లని రెట్ట చారలు తాజాగా ఉన్నాయా? వెంట్రుకలు, ఈకలు కలిసి గట్టిపడిన ఉండలున్నాయా? అరగనివాటిని పక్షి అలా కక్కేస్తుంది. తర్వాత గూటి అంచు చూడండి. పచ్చి ఆకులతో ఉన్న రెమ్మలు కనిపిస్తే ఈ సీజన్‌లో గూటిని సర్దుకున్నట్టే. తెల్లని నూగు అంటుకుని ఉంటే గూడు వాడుకలో ఉందని చాలావరకు నమ్మొచ్చు.

ఇవేవీ కనబడనంత మాత్రాన గూడు ఖాళీ అనుకోకండి. పొదిగే పక్షి అణిగి కూర్చుంటుంది, తోక కొస తప్ప ఏమీ కనబడదు. రెండు వందల మీటర్ల అవతల నుంచి బైనాక్యులర్స్‌తో, పొద్దున్నే మూడు నాలుగు గంటల పాటు, వారం పది రోజుల తేడాతో కనీసం మూడుసార్లు చూడాలి. ఒక పక్షి ఆహారం తెచ్చి గూట్లో కూర్చున్న పక్షికి అందిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మీరున్నంతసేపూ పక్షి గూట్లో వాలకుండా అరుస్తూ పైన తిరుగుతోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారు, వెనక్కి జరగండి.

చెట్లతోనే సర్వే ముగించొద్దు. ఫాల్కన్లు అనే వేట పక్షులు గూడు కట్టవు; రాతి అంచుల మీద, ఎత్తైన భవనాల గట్ల మీద, పాత కాకి గూళ్లలో గుడ్లు పెట్టేస్తాయి. హారియర్ అనే గద్దజాతి పక్షులు గడ్డిలో నేల మీదే పెడతాయి. చదును చేసే యంత్రం కింద మొదట పోయేవి ఇవే.

ప్రశ్న: గూడు చుట్టూ ఎంత దూరం వదలాలి, ఎన్నాళ్లు?

జవాబు: అన్ని జాతులకూ సరిపోయే అంకె లేదు. కొలతగా పనికొచ్చేది అమెరికా వన్యప్రాణి విభాగం 2007లో బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్ద కోసం ఇచ్చిన మార్గదర్శకం. గూటి నుంచి కట్టడం కనిపిస్తే 660 అడుగులు, అంటే దాదాపు 200 మీటర్లు. చెట్లు అడ్డుండి కనబడకపోతే అందులో సగం. పేలుళ్లకు మాత్రం గూడు వాడుకలో ఉన్నన్నాళ్లూ అర మైలు.

కనబడితే 660, కనబడకపోతే 330. ఈ తేడాలోనే కిటుకంతా ఉంది. గద్దను ఎక్కువగా బెదరగొట్టేది కంటికి కనిపించే కదలిక. అలాగని మోతకు అలవాటు పడుతుందిలే అని పైలింగ్ రిగ్గును, అంటే పునాది స్తంభాలు దించే యంత్రాన్ని, దగ్గరికి తేవద్దు. లారీ వెళ్లిపోతే ఊరుకునే పక్షి, అదే లారీ దిగి నడిచే మనిషిని చూస్తే లేస్తుంది. ఆగి గూటికేసి వేలు చూపించేవాడు దానికి మరీ భయం. కాబట్టి పార్కింగ్, ఇసుక కుప్పలు, కూలీలు విశ్రాంతి తీసుకునే షెడ్డు గూటికి ఎదురుగా ఉండకూడదు. మధ్యలో ఉన్న పొదలు కొట్టేయకండి, ఖర్చు లేని తెర అది. నేల మీద రిబ్బన్ కట్టి ఊరుకుంటే చాలదు, క్రేన్ చేయి గూటి మీదుగా తిరగకుండా తిరుగుడుకు హద్దు కూడా సెట్ చేయించాలి.

ఇక గడువు. కెస్ట్రెల్ అనే చిన్న ఫాల్కన్ పొదగడానికి సుమారు నాలుగు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో నాలుగు. బాల్డ్ ఈగిల్‌కు 35 రోజులు, ఆపైన 10 నుంచి 12 వారాలు. తొలిసారి ఎగిరాక కూడా పిల్లలు తిండి కోసం కొన్ని వారాలు గూటి చుట్టే తిరుగుతాయి, అప్పటిదాకా హద్దు తీయకూడదు. గుడ్ల దశలో బెదిరితే జంట గూడు వదిలేస్తుంది. పిల్లలు పెద్దయ్యాక బెదిరితే అవి ఎగరడం రాకముందే దూకేస్తాయి.

షెడ్యూల్‌లో తరచూ దెబ్బతీసేది మధ్యలో వచ్చే విరామం. పని జోరుగా సాగుతుండగా వచ్చి గూడు పెట్టిన జంట ఆ స్థాయి సందడిని చాలావరకు సహిస్తుంది. బిల్లులు ఆగి నెలరోజులు సైట్ నిశ్శబ్దంగా ఉంటే మాత్రం ఇంకో జంట దిగుతుంది. యంత్రాలు తిరిగి రాగానే అది గుడ్లు వదిలిపోతుంది. ఎన్నాళ్లు ఆగినా, మళ్లీ మొదలుపెట్టే ముందు సర్వే తప్పదు.

ప్రశ్న: పిల్లలతో ఉన్న గూటిని పక్క చెట్టుకు మార్చేస్తే?

జవాబు: వద్దు. తల్లిదండ్రులు కొత్త చోటుకు వస్తాయన్న నమ్మకం లేదు. చాలా దేశాల్లో అనుమతి లేకుండా మార్చడం నేరం కూడా. లేఅవుట్ అవతలి కొస నుంచి పని మొదలుపెట్టండి.

ప్రశ్న: కూల్చబోయే పాత గోదాములో తెల్లమొహం గుడ్లగూబలున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఇవి బార్న్ ఔల్స్. గుడ్లన్నీ ఒకేసారి పగలవు, పిల్లలు రెండు మూడు రోజుల తేడాతో బయటికొస్తాయి. అందుకే పెద్దది ఎగిరిపోయినా చిన్నది ఇంకా లోపలే ఉంటుంది. ఆ చివరిది వెళ్లేదాకా ఆగాలి. ఒకే ఏడాది రెండో కాన్పు కూడా ఉండొచ్చు కాబట్టి తలుపు మూసేముందు మళ్లీ వెతకండి.

కూల్చివేతకు కనీసం నెల ముందే, గోదాముకు రెండు వందల మీటర్ల లోపు, నేలకు మూడు మీటర్లకు పైన, వాటికి బదులు గూడుగా ఒక పెట్టె బిగించండి. లోపలి నేల 40 × 60 సెంటీమీటర్లు, ద్వారం 13 × 13. ద్వారం కింది అంచు నుంచి నేల దాకా లోతు 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు. లోతు తక్కువైన పెట్టెల్లో ఎగరలేని పిల్లలు ద్వారం దాకా పాకి కింద పడతాయి. కింద పడ్డవాటికి తల్లి సాధారణంగా మేత పెట్టదు. అడుగున నీరు పోయే రంధ్రాలుంచండి, లోపల రంగు పూయకండి.

ప్రశ్న: లేబర్ క్యాంపులో ఎలుకల మందు పెట్టొచ్చా?

జవాబు: బ్రోడిఫాకమ్, బ్రోమాడియోలోన్ రకాలు అస్సలు వద్దు. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. తేలిగ్గా దొరికే ఆ వేటను గద్ద పిల్లలకు తీసుకెళ్తుంది, విషం వాటి ఒంట్లోకి చేరుతుంది. స్ప్రింగ్ బోన్లు వాడండి, తిండి వ్యర్థాలు మూతున్న డబ్బాల్లో వేయించండి. బోన్లు మూత ఉన్న పెట్టెలో పెట్టకపోతే గుడ్లగూబ కాలే అందులో ఇరుక్కుంటుంది.