వెళ్లిపోతున్నానని ఆవిడకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 21 ఏళ్లు. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ ఒక సెమిస్టర్ కోసం జర్మనీలోని లైప్‌జిగ్‌ వచ్చాను. జులై నెలాఖరుకు తిరుగు ప్రయాణం, ఇంకా మూడు వారాలే ఉంది. ఇక్కడ శనివారాలు టాఫెల్ అనే సేవా సంస్థలో పేదవాళ్లకు ఇచ్చే కూరగాయలు ఏరి సంచులు సర్దుతాను. బుధవారాలు ఒక వృద్ధాశ్రమానికి వెళ్తాను. అక్కడ ఎనభై దాటిన ఒకావిడ నాతో పేకాట ఆడుతుంది, నా జర్మన్ తప్పులు దిద్దుతుంది. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనేనట. కొడుకు ఎప్పుడో గాని రాడు. నేను వెళ్లిపోతున్నానని ఆవిడకు ఇంకా చెప్పలేదు. చెప్పబోతే నోరు పెగలడం లేదు. రెండు పరీక్షలు, ఒక టర్మ్ పేపర్ మిగిలాయి. పుస్తకం తెరిస్తే ఏడుపొస్తోంది. ఇంట్లో ఏదో సంబంధం చూశారట, నేను రాగానే మాట్లాడదామంటున్నారు. టికెట్ ఒక నెల వాయిదా వేసుకుని ఇక్కడే సేవ చేయాలని ఉంది. ఒక్కోసారి ఆవిడకు చెప్పకుండా వచ్చేయడమే నయమనిపిస్తోంది. నేను స్వార్థపరురాలినా?
– ఒక విద్యార్థిని

జవాబు: చెప్పకుండా మాత్రం వచ్చేయవద్దు. నీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించిన వాక్యం అదొక్కటే. మిగతాదానికి స్వార్థమని పేరు పెట్టుకోనక్కరలేదు.

వృద్ధాశ్రమంలో ఉండేవాళ్లకు మనుషులు ఉన్నట్టుండి కనిపించకుండా పోవడం కొత్త కాదు. పక్క గది ఖాళీ అవుతుంది. అలవాటుపడిన నర్సు ఉద్యోగం మానేస్తుంది. ఎందుకని అడిగితే సగం జవాబే వస్తుంది. ఒక బుధవారం నువ్వు రాకపోతే ఆవిడ ముందు నీకేమైందోనని బెంగపడుతుంది, ఆ తరువాత తన వల్ల ఏం పొరపాటు జరిగిందోనని వెతుక్కుంటుంది. ఆవిడ కన్నీళ్లు నువ్వు చూడలేవని ఇంత భారం ఆవిడ మీద వేస్తావా?

ఆవిడను నువ్వు మరీ సుకుమారంగా ఊహించుకుంటున్నావని కూడా నా అనుమానం. ఆ వయసులో, ఆ ఊళ్లోనే బతికిన మనిషంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన కరువు రోజుల్లో పెరిగి ఉంటుంది. తూర్పు జర్మనీలో సంసారం ఈది ఉంటుంది. 1989 అక్టోబరు 9న అప్పటి ప్రభుత్వానికి నిరసనగా లైప్‌జిగ్ వీధుల్లోకి 70 వేల మంది వచ్చిన సాయంత్రానికి ఆవిడది నడి వయసు. 1990లో రెండు జర్మనీలు కలిశాక ఉద్యోగాల కోసం పిల్లలు పడమటి వైపు తరలిపోవడం ఆ ప్రాంతంలో ఇంటింటి కథ. సెమిస్టర్ అయిపోతే విదేశీ విద్యార్థులు వెళ్లిపోతారని ఆవిడకు తెలియదనుకుంటున్నావా? నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తూ ఉండవచ్చు కూడా.

వచ్చే బుధవారమే చెప్పు. వెళ్లగానే, ముక్కలు పంచకముందే చెప్పు. బయలుదేరేటప్పుడు గుమ్మంలో నిలబడి చెబితే ఆవిడకు మాట్లాడే సమయం మిగలదు. ‘నేను ఫలానా తేదీన ఇండియా వెళ్తున్నాను, అంతకుముందు ఇంకా రెండు బుధవారాలు వస్తాను’ అంటే చాలు. ఏడిస్తే ఏడవనీ, కోపం వస్తే రానీ. ‘సరే, ముక్కలు కలుపు’ అని మాట మార్చినా నొచ్చుకోకు. ఆవిడకు మతిమరుపు జబ్బు ఏమైనా ఉంటే మాత్రం ముందు అక్కడి సిబ్బందిని అడుగు. అలాంటివాళ్లకు చాలా ముందుగా చెబితే ఎందుకో గుర్తులేని ఆందోళన మాత్రమే మిగలవచ్చు. ఎప్పుడు, ఎలా చెప్పాలో రోజూ చూసుకునేవాళ్లకే బాగా తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఆ క్షణం గడవడానికి ‘వచ్చే ఏడాది మళ్లీ వస్తాను’, ‘వారం వారం ఫోన్ చేస్తాను’ లాంటి మాటలు ఇవ్వకు. హైదరాబాద్ వచ్చాక నీ పరీక్షలు, నీ బస్సు ప్రయాణాలు నీకుంటాయి. రెండు నెలలకో ఉత్తరం రాయగలననుకుంటే అంతే చెప్పు. అన్నింటికంటే మంచిది, ఆశ్రమంలో వాలంటీర్ల పని చూసేవాళ్లతో మాట్లాడి నీ తరువాత వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే నువ్వున్నప్పుడే ఒక బుధవారం వెంటబెట్టుకుని వెళ్లడం. ముగ్గురూ కలిసి ఆడండి. ఆ కొత్త మనిషి ఆవిడకు నచ్చకపోవచ్చు. అది ఆవిడ ఇష్టం. కానుక ఇవ్వాలనుకుంటే చిన్నదే ఇవ్వు. కలిసి తీయించుకున్న ఫొటోను ఆవిడను అడగకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దు. మన బొమ్మను మన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని ఆ దేశంలో 1907 నుంచే చట్టం ఉంది. చట్టం లేకపోయినా పెట్టకూడదనుకో.

టాఫెల్ సంగతి సులువు. 1993లో బెర్లిన్‌లో మొదలైన ఆ పని ఇప్పుడు దేశమంతటా 900కు పైగా చోట్ల నడుస్తోంది. నువ్వు మానేస్తే సంచులు ఆగవు. వినడానికి కాస్త చివుక్కుమనవచ్చు గానీ, చేతులు మారుతూ నడిచేలా పెట్టుకున్న పని అది. ఆఖరి శనివారం ఏదో ఇప్పుడే చెప్పు. ఏ పని, ఎన్ని గంటలు చేశావో రాసిన ధ్రువపత్రం అక్కడ ఉండగానే తీసుకో.

చదువు విషయంలో కొంచెం కటువుగా చెబుతాను. నువ్వు వెళ్లిన పని అది. పరీక్షల తేదీలు నీ చేతిలో లేవు, కాబట్టి ఈ మూడు వారాల్లో ఉదయాలన్నీ వాటికే కేటాయించు. గదిలో ఒంటరిగా ఏడుస్తూ కూర్చోకుండా నలుగురు చదువుకునే లైబ్రరీకి వెళ్లు. టర్మ్ పేపర్‌కు మాత్రం వెసులుబాటు దొరకవచ్చు. అక్కడ వేసవి సెమిస్టర్ కాగితాల మీద సెప్టెంబరు 30 దాకా ఉంటుంది కదా, ఇంటి నుంచి పంపవచ్చా అని ప్రొఫెసర్‌కు రెండు వాక్యాల మెయిల్ రాయి. రాసే ముందు హైదరాబాద్ కాలేజీకి మార్కుల పత్రం ఎప్పటిలోగా కావాలో కనుక్కో. ఏడుపు ఆగక నిద్ర, తిండి కూడా తప్పుతుంటే యూనివర్సిటీలో విద్యార్థులకు ఉండే కౌన్సెలర్‌ను కలువు. ఇక్కడికి వచ్చాకా అలాగే ఉంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు.

గది ఖాళీ చేసేముందు, ఆ ఊళ్లో ఉంటున్నట్టు చేయించుకున్న మునిసిపల్ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవడం మరిచిపోకు. వారం ముందు నుంచే చేయించుకోవచ్చు. రేడియో, టీవీ రుసుము దానంతట అది ఆగదు, విడిగా రాసి ఆపించుకోవాలి. డిపాజిట్ తిరిగి వచ్చేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయకు.

ఇక నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి. సంబంధం మాట లేకపోయి ఉంటే టికెట్ జరపాలని ఇంతగా అనిపించేదా? ఆవిడ మీద నీ ప్రేమ నిజమే. దాని చాటున ఇంటి భయం కూడా ఉందని నాకు అనిపిస్తోంది. ఆ నెల అక్కడ గడిపినా రోజూ అదే దిగులుతో గడుపుతావు. నివాస అనుమతి గడువు దాటితే, రేపు మాస్టర్స్‌కు వెళ్లాలనుకున్నప్పుడు అదే వీసాకు అడ్డుపడవచ్చు. టికెట్ మార్చవద్దు.

దానికి బదులు విమానం ఎక్కకముందే ఇంటితో మాట్లాడు. నువ్వు దిగి, నిద్ర తీరక, చుట్టాల మధ్య కూర్చున్నప్పుడు ఈ మాట మొదలైతే గొడవే మిగులుతుంది. ఆదివారం అక్కడ మధ్యాహ్నం పన్నెండయితే ఇక్కడ మూడున్నర, భోజనాలు అయిపోయి ఉంటాయి. అమ్మానాన్నల్లో నువ్వు ఎవరితో తడబడకుండా మాట్లాడగలవో వాళ్లకే చెయ్యి. ‘డిగ్రీ పూర్తయ్యేదాకా సంబంధాలు వద్దు, నేను రాగానే ఎవరినీ ఇంటికి పిలవకండి’ అని చెప్పు. పెళ్లే వద్దనుకుంటున్నావా, ఇప్పుడు వద్దనుకుంటున్నావా అన్నది ముందు నీకు నువ్వు తేల్చుకో, ఎందుకంటే వాళ్లు అడుగుతారు. ‘అక్కడ ఎవరైనా ఉన్నారా?’ అని కూడా అడుగుతారు. నిజం చెప్పు, క్లుప్తంగా చెప్పు.

నీ బుధవారాల గురించి కూడా వాళ్లకు చెప్పు. ‘సొంత నాయనమ్మతో పది నిమిషాలు కూర్చోవు గానీ’ అనే మాట రావచ్చు. వస్తే వాదించకు, విను.

అవతలివాళ్లకు ఇప్పటికే మాట ఇచ్చేశారని తేలితే, ఇంట్లో మాట చెల్లే పెద్దమ్మకో, బాబాయికో, మేనత్తకో ఆ రోజే ఫోన్ చేసి నీ తరఫున మాట్లాడమని అడుగు. అంత దూరం నుంచి నువ్వొక్కదానివే నలుగురితో వాదించలేవు.